ఫొటో అడక్కుండా యాడ్‌లో వాడుకున్నారు: కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డుకి వెళ్లొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యండి. మీరు డాలస్ దగ్గర ఉంటారు, వారాంతాల్లో ఫొటోగ్రఫీ చేస్తారు. నిరుడు మీ ఊరి తెలుగు సంఘం బతుకమ్మ వేడుకకి డబ్బు తీసుకోకుండా ఫొటోలు తీసిపెట్టారు. సంఘం వాళ్లు వాటిని ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఈ ఏడాది ఒక రెస్టారెంట్ అందులో ఒక ఫొటో తీసుకుని, కింద మూలన ఉన్న మీ పేరు కత్తిరించేసి, పండుగ బఫే యాడ్‌కి వాడుకుంది. ఫ్లయర్ మీద, వెబ్‌సైట్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అదే ఫొటో. అడిగితే "సంఘం వాళ్లు వాడుకోమన్నారు" అన్నారు. లాయర్ దగ్గరికి వెళ్తే అడ్వాన్సే వేలల్లో చెప్పారు. ఎవరో కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు (సీసీబీ) గురించి చెప్పారు. అక్కడికి వెళ్లొచ్చా, లాయర్ లేకుండా కుదురుతుందా, కరీంనగర్‌లో ఉన్న మీ తమ్ముడి పాట సంగతి కూడా అక్కడే తేల్చుకోవచ్చా అని మూడు విషయాలు అడిగారు.

నేను న్యూజెర్సీలో ఒక కాపీరైట్ లాయర్ ఆఫీసులో పారాలీగల్‌ని, అంటే లాయర్లకి కాగితాల పనిలో సాయం చేస్తాను. బోర్డు మొదలైనప్పటి నుంచి అక్కడికి వెళ్లే కాగితాలు చూస్తున్నాను. నేను చెప్పేది సాధారణ సమాచారం. మీ కాగితాలన్నీ చూసి లాయర్ ఇచ్చే సలహాకి ఇది బదులు కాదు.

బోర్డుకి వెళ్లొచ్చు. మీలాంటి వాళ్ల కోసమే అది పెట్టారు. అయితే అక్కడ గెలుపోటములు చాలావరకు క్లెయిమ్ వెయ్యకముందే నిర్ణయమైపోతాయి. ఫొటోని ఎప్పుడు రిజిస్టర్ చేయించారన్న దాన్నిబట్టే ఎదుటివాళ్లు బోర్డు ముందు నిలబడతారా, తప్పుకుంటారా అన్నది తేలుతుంది. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు.

కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు అమెరికా కాపీరైట్ ఆఫీసులో ఒక భాగం. ముగ్గురు అధికారులు ఉంటారు. ఇలాంటి వేదిక కావాలని కాపీరైట్ ఆఫీసు 2013లోనే నివేదిక ఇచ్చింది. 2020 డిసెంబరులో కేస్ యాక్ట్ అనే చట్టం వచ్చింది, 2022 జూన్ 16 నుంచి బోర్డు క్లెయిమ్‌లు తీసుకుంటోంది. దాఖలు అంతా ఆన్‌లైన్‌లోనే, విచారణ ఉంటే వీడియోలో. వాషింగ్టన్ వెళ్లక్కర్లేదు. ఒక కేసులో మొత్తం మీద గరిష్ఠంగా 30,000 డాలర్ల వరకు ఇప్పించగలదు. 5,000 డాలర్లలోపు చాలనుకుంటే ఇంకా సరళమైన దారి ఉంది, దాన్ని ఒక్క అధికారే తేలుస్తారు. ఫీజు రెండు విడతలు: క్లెయిమ్ వేసేటప్పుడు 40 డాలర్లు, ఎదుటిపక్షం తప్పుకోకుండా కేసు ముందుకు సాగితే 60 డాలర్లు. ఫెడరల్ కోర్టులో అయితే దావా ఫీజే 405 డాలర్లు, ఆపైన లాయర్ ఖర్చు. ఒక్క ఫొటో కోసం ఆ మెట్లు ఎక్కేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎవరూ ఎక్కరన్న ధీమాతోనే కదా ఇన్నేళ్లూ చిన్న ఫొటోగ్రాఫర్ల పని ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకున్నారు. అందుకే ఈ బోర్డు అంటే నాకు అభిమానం, దానిలో లోపాలు తెలిసినా కూడా.

ముందు ఆ ఫొటో మీదేనా అన్నది తేల్చుకుందాం, ఎందుకంటే రెస్టారెంట్ వాళ్ల మొదటి వాదన అదే. మన దేశపు చట్టంలో, డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే హక్కుదారులు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. అమెరికాలో అది తలకిందులు. మీరు సంఘానికి ఉద్యోగి కాదు, హక్కు రాసిస్తూ సంతకం పెట్టలేదు. కాబట్టి ఫొటో మీదే. సంఘం వాళ్లు తమ పేజీలో పెట్టుకోవడానికి మీరు నోటిమాటగా ఒప్పుకున్నారు, అది చెల్లుతుంది. కానీ ఆ అనుమతిని ఇంకొకళ్లకి ఇచ్చే అధికారం సంఘానికి రాదు. "సంఘం వాళ్లు వాడుకోమన్నారు" అన్నది నిజమే అయినా రెస్టారెంట్‌ని అది కాపాడదు. ఇక్కడ చాలామంది తెలుగువాళ్లు ఇండియా అలవాటు ప్రకారం "ఈవెంట్ మాది, ఫొటో మాది" అని మనస్ఫూర్తిగానే నమ్ముతారు. అందుకని సంఘం సెక్రటరీ దగ్గర ఒక ఈమెయిల్ తీసుకోండి: రెస్టారెంట్‌కి అనుమతి ఇచ్చారా లేదా, ఇస్తే ఎవరు, ఎప్పుడు అని. ఇవ్వలేదని రాస్తే మీకు మేలు. ఇచ్చామని రాసినా, రెస్టారెంట్ వాళ్లు ఎవరిని అడిగి వాడారో తెలుస్తుంది.

ఇప్పుడు రిజిస్ట్రేషన్. అమెరికాలో ఫొటో తీసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, కానీ డబ్బు రాబట్టాలంటే కాపీరైట్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ కావాలి. నష్టపరిహారం రెండు రకాలు. ఒకటి, మీకు నిజంగా ఎంత పోయింది, వాళ్లకి దానివల్ల ఎంత లాభం వచ్చింది అని లెక్క చూపించి అడిగేది. మీ ఫొటో విషయంలో లైసెన్స్ ఫీజు (వాడుకోనిచ్చినందుకు తీసుకునే డబ్బు) లెక్క కట్టాలి, అది వందల్లోనే ఉండొచ్చు. రెండోది, నష్టం లెక్క రుజువు చెయ్యక్కర్లేకుండా చట్టమే ఒక పరిధి పెట్టి ఇప్పించే స్టాట్యుటరీ డ్యామేజెస్. ఫెడరల్ కోర్టులో ఇది ఒక్కో పనికి (ఇక్కడ ఒక్కో ఫొటోకి) 750 నుంచి 30,000 డాలర్ల వరకు, కావాలని చేశారని రుజువైతే 1,50,000 దాకా. పైగా లాయర్ ఫీజు కూడా ఎదుటివాళ్ల చేత కట్టించమని అడగొచ్చు. కానీ ఈ సౌకర్యాలన్నీ సకాలంలో రిజిస్టర్ చేసినవాళ్లకే. అంటే దొంగవాడకం మొదలవ్వకముందే, లేదా ఫొటో మొదటిసారి ప్రచురించిన మూడు నెలల్లోపే.

మీరు నిరుడు తీసిన ఫొటో ఇప్పటిదాకా రిజిస్టర్ చెయ్యలేదు. కాబట్టి ఫెడరల్ కోర్టులో ఈ ఫొటోకి స్టాట్యుటరీ డ్యామేజెస్ అడగలేరు, లాయర్ ఫీజూ అడగలేరు. బోర్డు ఇక్కడే ఒక పెద్ద మేలు చేస్తుంది. ఆలస్యంగా రిజిస్టర్ చేసిన పనికి కూడా 7,500 డాలర్ల వరకు స్టాట్యుటరీ డ్యామేజెస్ ఇప్పించగలదు. సకాలంలో చేసినదానికైతే 15,000 వరకు. ఫెడరల్ కోర్టులో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది.

ఆ మేలులోనే చిక్కు కూడా ఉంది. బోర్డు కోర్టు కాదు. కోర్టులో జ్యూరీ విచారణ కోరుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది కాబట్టి, బోర్డు ముందుకి రమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదు. నోటీసు అందిన 60 రోజుల్లోపు "నేను రాను" అని ఒక ఫారం పంపితే చాలు, కేసు అక్కడితో ఆగిపోతుంది. కారణం చెప్పక్కర్లేదు, ఫీజు లేదు. దీన్నే ఆప్ట్ అవుట్ అంటారు. మీ 40 డాలర్లు తిరిగి రావు.

ఇప్పుడు రెస్టారెంట్ ఓనర్ వైపు నుంచి ఆలోచించండి. ఫొటో సకాలంలో రిజిస్టర్ అయి ఉంటే, ఆయన లాయర్ ఏం చెప్తాడు? "బోర్డులో ఎక్కువలో ఎక్కువ 15,000. తప్పుకుంటే వాళ్లు ఫెడరల్ కోర్టుకి వెళ్తారు, అక్కడ లక్షన్నర దాకా ప్రమాదం, వాళ్ల లాయర్ ఫీజు కూడా మన నెత్తిన పడొచ్చు. బోర్డులోనే ఉండి తేల్చుకుందాం" అంటాడు. అదే రిజిస్ట్రేషన్ ఆలస్యమైతే, "ఇక్కడ 7,500 దాకా పోవచ్చు, తప్పుకుంటే వాళ్లు కోర్టుకి వెళ్లినా దక్కేది లైసెన్స్ ఫీజు లెక్కే, దానికోసం ఏ లాయరూ కేసు పట్టుకోడు. తప్పుకో" అంటాడు. అందుకే చెప్పాను, రిజిస్ట్రేషన్ తారీఖే ఈ కేసుల తలరాత అని. మీరు నోటీసు పంపినవాళ్లు తప్పుకున్నారంటే మీ కేసు బలహీనమని కాదు. వాళ్ల లాయర్ ఈ లెక్క వేసుకున్నాడని అర్థం.

అయితే మీ విషయంలో ఇంకో సంగతి ఉంది, లాయర్‌ని కలిసినప్పుడు ఇది తప్పకుండా అడగండి. ఫొటో మీద మీ పేరు కత్తిరించారన్నారు. అమెరికా కాపీరైట్ చట్టంలో 1202 సెక్షన్ ప్రకారం, దొంగవాడకాన్ని దాచడానికో దానికి వీలు కల్పించడానికో పనికొస్తుందని తెలిసీ రచయిత (ఇక్కడ ఫొటోగ్రాఫర్) పేరు తీసేస్తే అది వేరే తప్పు. దానికి ఒక్కోసారికి 2,500 నుంచి 25,000 డాలర్ల వరకు ఉంది. స్టాట్యుటరీ డ్యామేజెస్‌కి పెట్టిన సకాల రిజిస్ట్రేషన్ షరతు ఈ సెక్షన్‌కి పెట్టలేదు. బోర్డు ఈ రకం క్లెయిమ్ వినదు, ఇది ఫెడరల్ కోర్టుకే వెళ్లాలి. వాళ్లకి తెలిసే చేశారని రుజువు చెయ్యడం తేలిక కాదు, ఇన్‌స్టాగ్రామ్ చదరపు సైజు కోసం కత్తిరించాం అంటారు. అయినా ఇది మీ చేతిలో ఉన్నంతసేపు, ఆలస్యపు రిజిస్ట్రేషన్ వల్ల పోయిన బలం కొంత తిరిగి వస్తుంది. బోర్డు నుంచి తప్పుకుంటే కోర్టులో ఇది ఎదురవుతుందని తెలిసిన లాయర్, తప్పుకోమని చెప్పే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. సంఘం పేజీలో మీ పేరు ఉన్న ఫొటో, రెస్టారెంట్ ఫ్లయర్‌లో పేరు లేని ఫొటో, రెండూ పక్కపక్కన పెట్టి ఇవాళే దాచుకోండి.

దాచుకోవడం గురించి ఇంకొంచెం. వాళ్లతో మళ్లీ మాట్లాడకముందే ఆధారాలు తీసుకోవాలి, గొడవ మొదలైందని తెలియగానే పోస్టులు మాయమైపోతాయి. వెబ్‌సైట్ అడ్రసూ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్, ఆ పేజీని వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల పాత కాపీలు దాచే సైటు) సేవ్ చెయ్యడం, కాగితం ఫ్లయర్ ఒకటి చేతిలో ఉండటం, కెమెరాలోని అసలు రా ఫైలు. ఇవి అయ్యాక ఇన్‌స్టాగ్రామ్‌కి టేక్‌డౌన్ నోటీసు, అంటే ఆ ఫొటో తీసెయ్యమని నోటీసు పంపొచ్చు, దానికి ఖర్చు లేదు. యాడ్ ఆపించడం బోర్డు చేతిలో లేదని గుర్తుంచుకోండి. ఎదుటిపక్షం ఆపేస్తానని ఒప్పుకుంటేనే ఆ మాట తీర్పులో రాస్తారు. డబ్బు కంటే ఆ ఫొటో అక్కడ కనిపించకపోవడమే మీకు ముఖ్యమైతే టేక్‌డౌన్ నోటీసే తొందరైన దారి.

తర్వాత, ఈ వారంలోనే రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టండి. ఒక్కరే రచయిత, ఒకే ఫొటో అయితే 45 డాలర్లు. కానీ దానికంటే మంచిది, ఒకే క్యాలెండర్ ఏడాదిలో ప్రచురించిన మీ ఫొటోలు 750 వరకు ఒకే దరఖాస్తులో పెట్టొచ్చు, 55 డాలర్లు. ఆ బతుకమ్మ ఫొటోలన్నీ అందులో చేరిపోతాయి. ఇంకా ఎక్కడా పెట్టని ఫొటోలు ఇందులో కలపకండి, వాటికి వేరే గ్రూపు దరఖాస్తు ఉంది. దరఖాస్తు, ఫీజు, ఫొటోల కాపీలు మూడూ అందిన రోజే రిజిస్ట్రేషన్ తేదీగా లెక్క, సర్టిఫికెట్ ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు. బోర్డులో క్లెయిమ్ వెయ్యడానికి దరఖాస్తు పెట్టి ఉంటే చాలు, తీర్పు రావాలంటే మాత్రం సర్టిఫికెట్ వచ్చి ఉండాలి. బోర్డులో కేసు నడుస్తున్నవాళ్లకి 50 డాలర్లు అదనంగా కడితే సర్టిఫికెట్ తొందరగా ఇస్తారు. మామూలుగా తొందరపెట్టడానికి 800 డాలర్లు కట్టాలి.

ఇకనుంచి ప్రతి మూడు నెలలకీ ఒకసారి కూర్చుని, ఆ మధ్యలో బయటికి వెళ్లిన ఫొటోలన్నీ ఒక గ్రూపుగా రిజిస్టర్ చేసేయండి. ఏడాదికి 220 డాలర్లు. మీరు ఒక్క పుట్టినరోజు ఫంక్షన్‌కి తీసుకునేదాంట్లో తేలిపోయే ఖర్చు. దాంతో మీ ప్రతి ఫొటో సకాలంలో రిజిస్టర్ అయినట్టే.

క్లెయిమ్ రాయడానికి లాయర్ అవసరం లేదు. ఫారం సాదా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. లా కాలేజీల్లో విద్యార్థుల క్లినిక్‌లు ఉంటాయి, వాళ్లు డబ్బు తీసుకోకుండా బోర్డు ముందు మీ తరఫున నిలబడొచ్చు. మీకు దగ్గర్లో అలాంటిది ఉంటే అడగండి. వేసిన క్లెయిమ్‌ని బోర్డు లాయర్లు ముందు చదివి, నిబంధనల ప్రకారం ఉందా లేదా చూస్తారు. లోపం ఉంటే ఏమిటో రాసి, సరిదిద్దుకోవడానికి 30 రోజులు ఇస్తారు, ఇంకా లోపముంటే మరో అవకాశం. చాలా క్లెయిమ్‌లు ఆగిపోయేది ఇక్కడే. కోపంతో నాలుగు పేజీలు రాస్తారు, కావాల్సిన నాలుగు వాక్యాలు అందులో ఉండవు: ఫొటో ఎవరు తీశారు, ఎప్పుడు ఎక్కడ ప్రచురితమైంది, ఎదుటివాళ్లకి అది ఎలా దొరికింది, వాళ్లు దాన్ని ఎప్పుడు ఎక్కడ ఎలా వాడారు. మీరు ఆ ఫొటో కోసం తెల్లవారుజామున లేచి తంగేడు పూల మీద వెలుగు పడేదాకా ఎదురుచూసిన సంగతి నాకు గుండెకి తాకింది, కానీ ఫారంలో దాని అవసరం లేదు. దొంగవాడకం జరిగిన మూడేళ్లలోపు క్లెయిమ్ వెయ్యాలి, మీకు ఆ ఇబ్బంది లేదు.

ఎవరి మీద వెయ్యాలి అన్నది జాగ్రత్తగా చూడండి. సైన్‌బోర్డు మీద ఉన్న రెస్టారెంట్ పేరు వేరు, రిజిస్టర్ చేసుకున్న కంపెనీ (ఎల్‌ఎల్‌సీ) పేరు వేరు. టెక్సస్ కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నుల ఆఫీసు) వెబ్‌సైట్‌లో వ్యాపారం పేరుతో వెతికితే అసలు పేరు, రిజిస్టర్డ్ ఏజెంట్ (కంపెనీ తరఫున నోటీసులు తీసుకునే మనిషి) పేరు, అడ్రసు ఉచితంగా దొరుకుతాయి. ఫ్లయర్ వేరే డిజైనర్ చేసి ఉంటే ఆ మనిషిని కూడా చేర్చొచ్చు. ఒకరు తప్పుకున్నా మిగిలినవాళ్ల మీద కేసు నడిపించుకోవచ్చు.

క్లెయిమ్ సరిగ్గా ఉందని బోర్డు ఒప్పుకున్నాక నోటీసు అందజేసే బాధ్యత మీది, దానికి 90 రోజుల గడువు. మీరే వెళ్లి చేతిలో పెడితే చెల్లదు. కేసుతో సంబంధం లేని, 18 ఏళ్లు నిండిన వాళ్లు ఇవ్వాలి. ప్రాసెస్ సర్వర్‌ని, అంటే డబ్బు తీసుకుని నోటీసులు అందజేసేవాళ్లని పెట్టుకోండి, ఇక్కడ పొదుపు చెయ్యకండి. వాట్సాప్‌లో పంపడం, కౌంటర్ దగ్గర క్యాషియర్‌కి ఇచ్చి రావడం లెక్కలోకి రావు. ఇచ్చినట్టు రుజువు కూడా బోర్డుకి దాఖలు చెయ్యాలి. దీనికి బదులు, నోటీసు తీసుకున్నట్టు ఒప్పుకోమని వెయివర్ ఫారం కూడా పంపొచ్చు. ఒప్పుకుంటే వాళ్లకి తప్పుకోవడానికి ఇంకో 30 రోజులు అదనంగా వస్తాయి. రెస్టారెంట్ ఓనర్‌తో మీకు మాటలు నడుస్తున్నాయి కాబట్టి ముందు వెయివర్ అడిగి చూడండి, ఖర్చు మిగులుతుంది.

ఆ 60 రోజులూ గడిచి వాళ్లు తప్పుకోకపోతే, కేసు మొదలవుతుంది. పత్రాలు ఇచ్చిపుచ్చుకోవడం మామూలు కోర్టులో లాగ భారీగా ఉండదు, బోర్డు తయారుచేసిన ప్రశ్నలకి ఇరుపక్షాలూ జవాబులిస్తాయి. మధ్యలో అధికారుల్లో ఒకరు రాజీ చర్చ కూడా నడిపిస్తారు, చిన్న కేసులకి అది చాలా ఉపయోగం. వాళ్లు ఎదురు క్లెయిమ్ కూడా వెయ్యొచ్చు. తేలడానికి నెలలు పడుతుంది, ఓపిక ఉండాలి.

ఎంత వస్తుందన్న దాని మీద ఆశలు అదుపులో పెట్టుకోండి. బోర్డు తన మొదటి తుది తీర్పు 2023 ఫిబ్రవరిలో ఇచ్చింది. ఒక ఫొటోగ్రాఫర్ తీసిన ఫెడరల్ భవనం ఫొటోని కాలిఫోర్నియాలో ఒక లాయర్ తన వెబ్‌సైట్‌లో పెట్టుకున్నాడు. అది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే చట్టం ఒప్పుకునే వాడకం) అని ఆ లాయర్ వాదించాడు, బోర్డు ఒప్పుకోలేదు. ఫొటోగ్రాఫర్ గెలిచాడు. వచ్చింది 1,000 డాలర్లు. చట్టంలోని గరిష్ఠం వేరు, నష్టం ఎంతో చూపించే కాగితం లేనప్పుడు వచ్చే మొత్తం వేరు. మీరు ఇదివరకు వేరేవాళ్లకి యాడ్ కోసం ఫొటో ఇచ్చి బిల్లు వేసి ఉంటే, ఆ బిల్లు మీ కేసులో చాలా విలువైన కాగితం. లేకపోతే ఇలాంటి వాడకానికి స్టాక్ ఫొటో కంపెనీలు ఎంత తీసుకుంటాయో చూసి ముద్రించి పెట్టుకోండి.

నోటీసు అందినా రెస్టారెంట్ వాళ్లు తప్పుకోకుండా, జవాబూ ఇవ్వకుండా ఊరుకుంటే, వాళ్లు రాకపోయినా మీ ఆధారాలు చూసి బోర్డు తీర్పు ఇవ్వగలదు. అయినా డబ్బు కట్టకపోతే, ఏడాదిలోపు ఫెడరల్ కోర్టుకి వెళ్లి ఆ తీర్పుని ఖరారు చేయించుకోవాలి. దానికైన న్యాయమైన ఖర్చులూ లాయర్ ఫీజూ కోర్టు ఎదుటిపక్షం చేతే కట్టిస్తుంది. ఇది చదివే తెలుగు వ్యాపారులకి ఒక మాట: సీసీబీ నుంచి కాగితం వస్తే స్పామ్ అని చెత్తబుట్టలో వెయ్యకండి. కాగితం మీద ఉన్న కేసు నంబర్ని బోర్డు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వెతికితే నిజమో కాదో నిమిషంలో తెలుస్తుంది. ఉండాలో తప్పుకోవాలో మీ ఇష్టం, కానీ 60 రోజుల గడువు దాటనిచ్చారంటే ఆ తర్వాత తప్పుకునే దారి ఉండదు.

ఇవన్నీ చెప్పాక, మీకు నా సలహా ఏమిటంటే: ఆధారాలు తీసుకోండి, రిజిస్ట్రేషన్ పెట్టండి, అప్పుడు రెస్టారెంట్‌కి ఒక మర్యాదైన ఉత్తరం రాయండి. ఫొటో మీది అని, పేరు కత్తిరించారని, యాడ్ ఆపి ఇంత మొత్తం ఇమ్మని, ఫలానా తేదీలోపు జవాబు రాకపోతే బోర్డులో క్లెయిమ్ వేస్తానని. మీరు అనుకుంటున్న మొత్తం 1,500 డాలర్లు న్యాయంగానే ఉంది, 7,500 అడిగితే నేరుగా లాయర్ దగ్గరికి వెళ్తారు, తప్పుకుంటారు. పోలీసులు, వీసాలు లాంటి బెదిరింపు మాటలు ఒక్కటి కూడా రాయకండి. ఈ ఉత్తరం వెళ్లిన రెండు రోజులకి సంఘం పెద్దలెవరో ఫోన్ చేసి "మనవాళ్లమే కదమ్మా, ఒక ఫొటోకి ఇంత గొడవ దేనికి" అంటారు. ఆ ఫోన్‌కి టెన్షన్ పడకండి. ఆ బఫేకి వెళ్లినప్పుడు "మనవాళ్లమే" అని రెస్టారెంట్ ఓనర్ బిల్లు తగ్గించడు కదా. మీ పనికి కూడా అంతే విలువ ఉంది. రాజీ కుదిర్చి డబ్బు ఇప్పిస్తానంటే మాత్రం ఆ పెద్దమనిషిని సంతోషంగా మధ్యలో కూర్చోబెట్టండి. కుదిరింది కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టించండి.

ఫొటోలో ఉన్న ఆడవాళ్ల మొహాలు యాడ్‌లో వాడటం వాళ్ల హక్కుకి సంబంధించిన వేరే సంగతి, బోర్డు పరిధిలోకి రాదు.

ఇక మీ తమ్ముడి పాట. ఆయన రాసి పాడిన జానపద పాటని అమెరికాలో ఒక ఈవెంట్ కంపెనీ వాడుకుందన్నారు. ఇండియాలో ఉన్నవాళ్లు బోర్డులో క్లెయిమ్ వెయ్యొచ్చు, ఎదుటివాళ్లు మాత్రం అమెరికాలో ఉండాలి. దీన్ని తిప్పి చూస్తే, మీ ఫొటోని హైదరాబాద్ కంపెనీ వాడితే బోర్డు మీకు పనికిరాదు. అప్పుడు అక్కడి కోర్టుకే వెళ్లాలి, ఇండియాలో ఇలాంటి చిన్న క్లెయిమ్‌ల వేదిక లేదు, స్టాట్యుటరీ డ్యామేజెస్ కూడా లేవు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకైతే లండన్‌లోని మేధోహక్కుల కోర్టులో 2012 నుంచి చిన్న క్లెయిమ్‌ల విభాగం ఉంది, 10,000 పౌండ్ల వరకు. అది కోర్టే కాబట్టి అక్కడ తప్పుకునే సౌకర్యం ఎదుటివాళ్లకి ఉండదు.

విదేశీ పని మీద ఫెడరల్ కోర్టులో దావా వెయ్యడానికి ముందస్తు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బోర్డులో అయితే కావాల్సిందే, కాబట్టి తమ్ముడు కరీంనగర్ నుంచే ఆన్‌లైన్‌లో అమెరికా కాపీరైట్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టాలి. పాటలో రెండు హక్కులు ఉంటాయి: మాటలూ బాణీ ఒకటి, రికార్డింగ్ ఇంకొకటి. బాణీ తరతరాలుగా వస్తున్నదైతే దాని మీద ఎవరికీ హక్కు లేదు, ఆయన కొత్తగా రాసిన మాటల మీద, చేసిన రికార్డింగ్ మీద ఉంది. అది ఎక్కడ వాడారన్నది ఇక్కడ కీలకం. హాల్లో డీజే రికార్డింగ్ వేస్తే, అమెరికా చట్టంలో రికార్డింగ్ హక్కుదారుకి ఏమీ రాదు, మాటల హక్కు మీదే అడగాలి. ప్రమోషన్ వీడియోలో కలిపి యూట్యూబ్‌లో పెట్టి ఉంటే రెండు హక్కుల మీదా అడగొచ్చు. ఆ వీడియో మీద టేక్‌డౌన్ పంపితే వాళ్లు ఎదురు నోటీసు ఇస్తే, 10 నుంచి 14 పనిదినాల్లో వీడియో తిరిగి పైకి వస్తుంది. ఆలోగా వాళ్ల మీద బోర్డులో క్లెయిమ్ వేసి యూట్యూబ్‌కి తెలియజేస్తే, కోర్టులో దావా వేసినట్టే లెక్క, వీడియో కిందే ఉంటుంది.

వీడియోనా, హాల్లో వేశారా, కంపెనీ ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయింది, తమ్ముడు ఆ పాటని ఏదైనా మ్యూజిక్ కంపెనీకి ఇండియాలో రాసిచ్చారా? రాసిచ్చి ఉంటే క్లెయిమ్ వెయ్యాల్సింది ఆ కంపెనీ అవుతుంది. ఇవన్నీ కనుక్కుని కింద రాయండి, చూసి చెప్తాను.